పరీక్షించని డిస్క్‌ను చేతికివ్వొద్దు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారదామంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరంది, లేదా ఆ తర్వాతిది కావాలి. జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, చిన్న బడుల ల్యాబుల్లో, పిల్లల చదువు కోసమని ఇళ్లలో కొని పెట్టుకున్న డెస్క్‌టాపుల్లో చాలావాటికి ఈ అర్హత లేదు. అలాగని అవి పాడైపోనూ లేదు. స్క్రీను, కీబోర్డు, హార్డ్‌డిస్కు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. చాలావాటిలో డీవీడీ డ్రైవు కూడా ఉంది. వాటిని పాత ఇనుముతో పాటు తూకానికి వేయకుండా ఇంకొన్నేళ్లు నడిపించుకునే దారి ఒకటుంది. అది లినక్స్.

ఈ దారి పట్టేవాళ్ల మధ్య చర్చంతా ఏ లినక్స్ మంచిదనే దాని చుట్టూ తిరుగుతుంది. ఉబుంటునా, మింటా, డెబియనా, ఫెడోరానా అని గంటల తరబడి వాదించుకుంటారు. ఎంచుకున్న దాన్ని డిస్క్ మీదికో పెన్‌డ్రైవ్ మీదికో ఎక్కించడం మాత్రం ఎవరైనా చేసేయగల చిల్లర పనిగా మిగిలిపోతుంది. ఫైలు దించడం, రైట్ చేయడం, పైన స్కెచ్‌పెన్‌తో పేరు రాసి ఇచ్చేయడం, అంతే. కొత్తగా వచ్చిన మనిషికి లినక్స్ మీద గురి కుదరడమో, ఉన్న నమ్మకం పోవడమో ఆ డిస్క్ దగ్గరే జరుగుతుంది. పరీక్షించని ఇన్‌స్టాలేషన్ డిస్క్‌ను మరొకరి చేతిలో పెట్టడం చిన్న అలక్ష్యంగా చూడాల్సిన విషయం కాదు. డిస్క్ ఇచ్చినవారే దానికి పూచీ పడాలి. కాలేజీ క్లబ్బులైనా, షాపులైనా, స్వచ్ఛంద సంఘాలైనా, ప్రభుత్వ శాఖలైనా ఈ నియమం పెట్టుకోకపోతే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రచారానికి ఎంత శ్రమపడినా ఫలితం సగమే.

చెడ్డ డిస్క్ చేసే నష్టం ఎక్కడ జరుగుతుందో ముందు చూడాలి. డిస్క్ పూర్తిగా పాడైతే సిస్టమ్ అసలు బూట్ కాదు, అంతటితో పోతుంది. ప్రమాదమంతా ముప్పాతిక భాగం బాగుండి, చివర ఎక్కడో నాలుగు సెక్టార్లు చదవడానికి రాని డిస్క్‌తోనే. అది చక్కగా బూట్ అవుతుంది. రంగుల తెర వస్తుంది. భాష అడుగుతుంది, టైమ్‌జోన్ అడుగుతుంది, హార్డ్‌డిస్కును ఎలా విభజించాలో అడుగుతుంది. పాత విండోస్ తీసేయమని మనిషి ఒప్పుకుంటాడు. పార్టిషన్లు మారిపోతాయి. ఆ తర్వాత ఫైళ్ల కాపీ మొదలై, ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ ఇలాంటి సందర్భంలో చూపించే సందేశం లినక్స్ వేసినవాళ్లలో చాలామందికి తెలుసు: ఎర్నో 5, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. డిస్కో, డ్రైవో, హార్డ్‌డిస్కో పాడై ఉండవచ్చని, డిస్క్‌ను తుడిచి చూడమని, తక్కువ వేగంతో మళ్లీ బర్న్ చేయమని ఆ సందేశమే సలహా కూడా ఇచ్చేది. సలహా సరైనదే. కానీ అప్పటికి పాత ఓఎస్ పోయింది, కొత్తది రాలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరైతే మళ్లీ బర్న్ చేయడానికి చేతిలో ఏమీ మిగలదు. ఆ మనిషి తప్పు డిస్క్‌దని అనుకోడు. లినక్స్ అంటే ఇంతేనని అనుకుంటాడు. మళ్లీ కంప్యూటర్ మార్కెట్‌కో, వీధి చివర షాపుకో వెళ్లి దొంగ కాపీ విండోస్ వేయించుకుంటాడు.

ఒకప్పుడు ఈ భారం మామూలు మనుషుల మీద ఉండేది కాదు. ఇంటర్నెట్ డయలప్ మీద నడిచే రోజుల్లో, 1996లో పీసీక్వెస్ట్ పత్రిక అతుల్ చిట్నిస్ చొరవతో లినక్స్‌ను సీడీ మీద భారతీయ పాఠకులకు అందించింది. 2003లో మొదలైన లినక్స్ ఫర్ యూ పత్రిక కూడా సంచికతో పాటు సీడీలిచ్చేది. మార్క్ షటిల్‌వర్త్ సంస్థ కెనానికల్ 2004 అక్టోబరులో తొలి ఉబుంటును విడుదల చేశాక షిప్‌ఇట్ అనే పథకం కింద అడిగినవాళ్లందరికీ, పోస్టు ఖర్చులు కూడా తీసుకోకుండా, ఇంటికి సీడీలు పంపింది. తెలుగు నాట ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లకు ఆ కవర్లు ఎన్నో వచ్చాయి. విదేశీ స్టాంపుతో వచ్చిన ఆ అట్ట కవరును దాచుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2011 ఏప్రిల్‌లో కెనానికల్ ఆ పథకాన్ని ఆపేసింది.

అవన్నీ ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కులు. అచ్చు డిస్క్‌లో సమాచారం పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లోనే గుంటల రూపంలో ఒత్తి ఉంటుంది, దాని మీద అల్యూమినియం పొర ఉంటుంది. ఇంట్లో రాసే సీడీ-ఆర్‌లో గుంటలు ఉండవు. ఒక సేంద్రియ రంగు పొర ఉంటుంది. డ్రైవులోని లేజరు ఆ రంగును అక్కడక్కడ వేడిచేసి మార్చేస్తుంది. చదివేటప్పుడు ఆ మచ్చలే గుంటల్లా కనిపిస్తాయి. రంగు నాణ్యత, పొర సమంగా పరుచుకున్న తీరు, లేజరు శక్తి, డిస్క్ తిరిగే వేగం, ఈ నాలుగూ కుదిరితేనే మచ్చ సరిగ్గా పడుతుంది. షిప్‌ఇట్ ఆగిపోయిన రోజు నుంచి డిస్క్ తయారుచేసే పని ఫ్యాక్టరీ నుంచి ఇంటికి మారింది, దాంతో ఈ నాలుగూ కుదర్చాల్సిన భారమూ వచ్చి పడింది. ఆ సంగతి చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

సీడీ తనంతట తాను చాలా తప్పుల్ని దిద్దుకోగలదు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ అనే ఇద్దరు గణితజ్ఞులు కనిపెట్టిన పద్ధతే దానికి ఆధారం. దాని సాయంతో ఆడియో సీడీ మీద సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున సమాచారం పోయినా తిరిగి కూర్చుకోవచ్చు. పాటలో చిన్న లోపం చెవికి తెలియదు కాబట్టి అది చాలు. ప్రోగ్రాములకు చాలదు. అందుకే డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌కు 2352 బైట్ల చోటు ఉంటే అందులో 2048 బైట్లు మాత్రమే అసలు సమాచారానికి ఇచ్చారు. మిగతా చోటులో ఎక్కువ భాగం తప్పులు పట్టుకోవడానికీ దిద్దడానికీ కేటాయించారు. ఇంత రక్షణ ఉన్నా దానికీ హద్దుంది. హద్దు దాటనంత వరకు డిస్క్ పూర్తిగా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కొత్త డ్రైవులో హాయిగా చదివిన డిస్క్ పదేళ్ల నాటి డ్రైవులో మొరాయించడానికి కారణం ఇదే. బర్న్ చేసేవారి డ్రైవు వేరు, దాన్ని వాడబోయేవారి డ్రైవు వేరు. లినక్స్ అవసరమయ్యేది ఎక్కువగా పాత సిస్టమ్‌లకే కనుక, డిస్క్ బర్న్ చేసిన డ్రైవులోనే కాకుండా మరో పాత డ్రైవులో కూడా చదివించి చూడటం మంచి అలవాటు.

అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకా ముందే జరుగుతుంది. ఐఎస్ఓ అనే ఫైలు చూడటానికి సినిమా ఫైలులా ఒకే ఫైలు. కొత్తవాళ్లు దాన్ని పట్టుకెళ్లి ఖాళీ డిస్క్‌లో కాపీ చేస్తారు. డిస్క్ తెరిస్తే లోపల ఆ ఒక్క ఫైలే కనిపిస్తుంది, సిస్టమ్ బూట్ కాదు. ఐఎస్ఓ అనేది ఒక డిస్క్ మొత్తానికి మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా తీసిన నకలు. దాన్ని సెక్టార్ల వారీగా డిస్క్ మీద పరచాలి. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ ఇమేజ్ రాయడం అనే ఎంపిక ఉండేది అందుకే. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఈ సదుపాయం విండోస్‌లోనే ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. రాయడం సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి తేలిక గుర్తు: డిస్క్ తెరిస్తే బోలెడు ఫోల్డర్లు కనిపించాలి.

వేగం మీద ఎన్నో నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి. ఎంత నెమ్మదిగా రాస్తే అంత గట్టిగా ఉంటుందనేది అన్నిటికంటే పాతది. సీడీకి ఒక రెట్టు వేగమంటే సెకనుకు 150 కిలోబైట్లు. 2000కు ముందు ఈ సలహా అక్షరాలా నిజం. డ్రైవుకు సమాచారం అందడం ఒక్క క్షణం ఆలస్యమైనా లేజరు ఆగిపోయి డిస్క్ వ్యర్థమయ్యేది. 2000లో శాన్యో బర్న్-ప్రూఫ్ అనే పద్ధతి తెచ్చాక, ఆగిన చోటి నుంచే మళ్లీ రాయడం సాధ్యమైంది. తర్వాత వచ్చిన డిస్కుల రంగు పొరలు ఎక్కువ వేగాలకు తగినట్టు తయారయ్యాయి; వాటిని మరీ నెమ్మదిగా రాస్తే లేజరు వేడి లెక్క తప్పి ఒక్కోసారి నాణ్యత తగ్గుతుంది. అందుకని గరిష్ఠ వేగమూ వద్దు, మరీ అట్టడుగు వేగమూ వద్దు. 52 రెట్లని రాసి ఉన్న సీడీని 16 రెట్ల దగ్గర, 16 రెట్ల డీవీడీని 4 నుంచి 8 రెట్ల మధ్య రాయడం అనుభవజ్ఞులు చెప్పే మధ్యేమార్గం. 4 రెట్ల వేగంతో పూర్తి డీవీడీకి పట్టేది సుమారు పావుగంట.

ఖాళీ డిస్కుల సంగతి మాత్రం నిజంగా ఆందోళన కలిగించేదే. 1988లో సీడీ-ఆర్‌ను రూపొందించిన జపాన్ సంస్థ తాయో యూడెన్ 2015తో ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. ప్రపంచంలోనే పెద్ద డిస్కుల తయారీ సంస్థల్లో ఒకటిగా పేరుపడ్డ మన మోజర్ బేర్, 28 రూపాయల వీసీడీలతో ఇంటింటికీ సినిమాలు చేర్చిన ఆ సంస్థ, 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటిలో ఏళ్ల తరబడి గోదాముల్లో మగ్గినవి కూడా ఉంటాయి. రాయని డిస్క్‌లోనూ రంగు పొర వేడికీ వెలుతురుకూ దెబ్బతింటుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో షట్టరు పక్కనే రాక్‌లో పెట్టి అమ్మే డిస్కుల పరిస్థితి ఏమిటో ఊహించవచ్చు. యాభై డిస్కుల డబ్బా కొనగానే అన్నీ రాసేయకుండా, ముందు రెండు రాసి పూర్తిగా చదివించి చూడాలి. సీడీలో సమాచారం ఉన్న పొర అడుగున ఉండదు, పేరు రాసే వైపు పలుచని లక్క పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ఆ పొర మీదే గీత పడినట్టు. అంటించే స్టిక్కర్లు వద్దని, నీటి ఆధారిత మార్కరుతో రాయమని, నిలువుగా నిలబెట్టి చల్లని పొడి చోట దాచమని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2003లో తెచ్చిన మార్గదర్శి చెప్పింది.

ఇక్కడిదాకా చెప్పుకున్నవన్నీ ప్రమాదవశాత్తు జరిగే తప్పులు. 2016లో జరిగింది వేరు.

ఆ ఏడాది ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడ్డారు. మింట్ 17.3 సిన్నమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకును మార్చి, బల్గేరియా రాజధాని సోఫియాలోని ఒక సర్వర్ వైపు మళ్లించారు. అక్కడున్న ఐఎస్ఓ చూడటానికి అసలుదానిలాగే ఉంది. బూట్ అయ్యేది, ఇన్‌స్టాల్ అయ్యేది, పనిచేసేది. లోపల సునామీ అనే బ్యాక్‌డోర్ పెట్టారు. దాన్ని వేసుకున్న కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించవచ్చు. మింట్ నాయకుడు క్లెమెంట్ లెఫెవ్ర్ మర్నాడే జరిగింది జరిగినట్టు లోకానికి చెప్పారు. ఆ రోజు దించుకున్నవాళ్లు ఐఎస్ఓ నుంచి తీసే ఎండీ5 అనే పొట్టి సంకేతాన్ని అసలుదానితో పోల్చి చూసుకోవాలని, లైవ్ సెషన్‌లో ఒక ఫోల్డరులో ఫలానా పేరుతో ఫైలు కనిపిస్తే అది కలుషితమైనదేనని, డీవీడీని చెత్తబుట్టలో వేయాలని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలని, ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించి మళ్లీ ఓఎస్ వేసి ముఖ్యమైన సైట్ల పాస్‌వర్డులు మార్చుకోవాలని వివరంగా రాశారు. టొరెంట్ ద్వారా దించుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. ప్రాజెక్టు పరువు పోతుందని దాచకుండా వెంటనే ఒప్పుకున్న ఆ తీరుకు నమస్కరించాలి.

ఆ కలుషితమైన ఐఎస్ఓతో రాసిన డిస్క్ బర్నింగ్‌లో ఏ లోపమూ ఉండదు. సెక్టార్లన్నీ చక్కగా చదవడానికి వస్తాయి. ఎర్నో 5 రాదు. ఎవరైనా దాన్ని పది కాపీలు తీసి స్నేహితులకు పంచి ఉంటే పదిళ్లకూ బ్యాక్‌డోర్ చేరినట్టే. దీన్ని పట్టుకోగలిగేది ఒక్కటే: దించుకున్న ఫైలు, ప్రాజెక్టు విడుదల చేసిన ఫైలు ఒకటేనా అని సరిచూడటం.

సరిచూసే పద్ధతిని చెక్‌సమ్ అంటారు. ఫైలు మొత్తాన్ని చదివి దాని నుంచి ఒక పొట్టి సంకేతం తీస్తారు. షా-256 పద్ధతిలో అది 64 అక్షరాల వరస. ఫైలులో ఒక్క బిట్ మారినా వరస మొత్తం మారిపోతుంది. ఐఎస్ఓ మనిషి అయితే ఇది వేలిముద్ర. లినక్స్‌లో షా256సమ్ అనే ఆదేశం, విండోస్‌లో దానితోపాటే వచ్చే సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఈ వరసను నిమిషంలో తీసిస్తాయి. పాత ఎండీ5 పద్ధతిలో ఒకే సంకేతం వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లు తయారు చేయవచ్చని చైనా శాస్త్రవేత్త షావోయున్ వాంగ్ బృందం 2004లోనే చూపించింది. షా-1కూ అదే గతి పట్టిందని 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు నిరూపించారు. డౌన్‌లోడ్ మధ్యలో పాడైన ఫైలును కనిపెట్టడానికి ఎండీ5 ఇప్పటికీ పనికొస్తుంది. పనిగట్టుకుని మార్చిన ఫైలును కనిపెట్టడానికి దాన్ని నమ్ముకోకూడదు.

అయితే వెబ్‌సైటులోకి చొరబడి లింకు మార్చగలిగినవాడు పక్కనే ఉన్న చెక్‌సమ్‌ను మార్చలేడా? మార్చగలడు. సంకేతాల జాబితా మీద ప్రాజెక్టు తన రహస్య తాళంతో డిజిటల్ సంతకం చేయడం అందుకే. డెబియన్ తన ఐఎస్ఓల పక్కన షా-256, షా-512 జాబితాలు ఉంచి, ఒక్కోదానికి విడిగా సంతకం ఫైలు ఇస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. కెనడాలోని కాల్గరీ నుంచి థియో డి రాట్ నడిపించే ఈ ప్రాజెక్టు 2014లో 5.5 విడుదలతో సిగ్నిఫై అనే తన సొంత సంతకం పద్ధతి తెచ్చింది. ఒక్కో విడుదలలో రాబోయే విడుదలను సరిచూడటానికి కావలసిన తాళాన్ని ముందే పెట్టి పంపుతుంది. ఇవాళ నమ్మకమైన డిస్క్ ఉన్నవాడికి రేపటి డిస్క్‌ను పరీక్షించే సాధనం కూడా చేతిలో ఉన్నట్టే. ఇంత శ్రద్ధగా ఆలోచించినవాళ్ల పనిని, సంతకం చూడకుండా డిస్క్ రాసి పంచేవాళ్లు వృథా చేస్తున్నారు.

బర్న్ అయ్యాక డిస్క్‌ను తిరిగి చదివించి సంకేతం పోల్చడం మూడో పరీక్ష. దీని దగ్గర చాలామందిని తికమక పెట్టిన సాంకేతిక సమస్య ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. సీడీని ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో రాస్తే డ్రైవు ట్రాకు చివర చదవడానికి వీల్లేని రెండు బ్లాకులు చేరుస్తుంది. వాటిని కూడా కలుపుకుని ట్రాకు పొడవు చెబుతుంది. లినక్స్ కెర్నెల్ వేగం కోసం అడిగినదానికంటే కాస్త ముందుకు చదువుకుంటూ పోయి ఆ బ్లాకుల్ని ఢీకొంటుంది. ఎర్రర్ వస్తుంది. బాగున్న డిస్క్ కూడా పాడైందని తేలుతుంది. ఈ కారణంగా మంచి డిస్కులు పారేసినవాళ్లు, డిస్క్ వెంట డిస్క్ రాసి విసిగి, పరీక్షే పనికిరాదని తేల్చేసినవాళ్లు ఉన్నారు. విరుగుడు కష్టమైనదేం కాదు. డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో రాస్తే ఆ బ్లాకులే ఉండవు. లేదా ఐఎస్ఓ చివర 150 ఖాళీ సెక్టార్లు, అంటే 300 కిలోబైట్లు, చేర్చి రాయవచ్చు. ముందుకు చదివే అలవాటు ఆ ఖాళీలోనే తీరిపోతుంది. చదివేటప్పుడు ఐఎస్ఓ పరిమాణాన్ని 2048తో భాగించి, సరిగ్గా అన్ని సెక్టార్లే చదవమని చెప్పాలి. అప్పుడే సంకేతాలు కలుస్తాయి. ఇంత వివరం కొత్తవాళ్లకు అవసరమా అని అడగవచ్చు. కొత్తవాళ్లకు అవసరం లేదు. పదిమందికి డిస్కులు రాసిచ్చేవాళ్లకు తప్పనిసరి.

లినక్స్‌లో ఈ పనంతటికీ ఎన్నో ఏళ్లు వెన్నెముకగా నిలిచింది బెర్లిన్‌కు చెందిన యోర్గ్ షిల్లింగ్ రాసిన సీడీరికార్డ్ అనే ప్రోగ్రాము. లైసెన్సు విషయంలో ఆయనకూ డెబియన్ వాళ్లకూ పొసగక 2006లో వోడిమ్ అనే చీలిక పుట్టింది. గొడవలో ఎవరు సరైనవారన్నది పక్కన పెడితే, లోకంలోని ప్రతి డ్రైవు చేసే వింత చేష్టలన్నిటినీ ఒక్క మనిషి ఓపిగ్గా తెలుసుకుని సర్దుబాటు చేయడం మామూలు సేవ కాదు. షిల్లింగ్ 2021లో మరణించారు.

ఇప్పుడు డిస్కులెవరు వాడుతున్నారు, అంతా పెన్‌డ్రైవేగా అనేవాళ్లున్నారు. నిజమే, ఉబుంటు 2012లో 12.10తోనే 700 మెగాబైట్ల సీడీ హద్దు దాటింది, 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఒక పొర డీవీడీలో కూడా పట్టదు. ఓపెన్‌బీఎస్‌డీ కూడా 2016లో 6.0 విడుదల తర్వాత సీడీలు అమ్మడం మానేసింది. పెన్‌డ్రైవ్ వేగం, సౌలభ్యం కాదనలేనివి. కానీ పెన్‌డ్రైవ్‌తో ఈ బాధ్యత తగ్గకపోగా పెరిగింది. ఫైనలైజ్ చేసి ముగించేసిన డీవీడీ-ఆర్‌లో ఆ తర్వాత ఏ వైరసూ ఒక్క అక్షరం మార్చలేదు. పెన్‌డ్రైవ్ ఏ సిస్టమ్‌కు పెడితే ఆ సిస్టమ్ దాని మీద రాయగలదు. నెట్ సెంటర్లో ఒకసారి పెట్టి తీస్తే షార్ట్‌కట్ వైరస్ పట్టుకొచ్చే పెన్‌డ్రైవుల గురించి తెలుగు విద్యార్థులకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా మార్కెట్లో నకిలీలు ఉన్నాయి. 64 జీబీ అని చూపించి లోపల 8 జీబీ మాత్రమే ఉండేవి దొరుకుతున్నాయి. హద్దు దాటాక రాసిన సమాచారం ఎక్కడికీ చేరదు, కానీ కాపీ పూర్తయిందనే చెబుతుంది. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే చిన్న ప్రోగ్రాములు ఇలాంటివాటిని పట్టేస్తాయి. ఎచర్ అనే సాధనం పెన్‌డ్రైవ్ మీద రాశాక దానంతట అదే తిరిగి చదివి సరిచూస్తుంది. కొద్ది నిమిషాలు మిగుల్చుకోవాలని ఆ దశను దాటవేసేవాళ్లు ఎందరో. పాత సిస్టమ్‌ల సంగతికొస్తే, వాటిలో కొన్నిటికి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవడమే రాదు. వాటికి డిస్కే గతి. అందులోనూ 32 బిట్ ప్రాసెసరున్నవాటికి 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇన్‌స్టాలర్ లేదు. డెబియనే కావాలంటే 12 వేసుకోవాల్సిందే. డిస్క్ ఇచ్చేవారు ఎదుటివారి సిస్టమ్ ఏదో అడిగి తెలుసుకోవడం కూడా పూచీలో భాగమే.

సూచనలు ఎన్ని రాసినా మనుషులు తొందరలో ఉంటారు. అందుకే సాధనాలే జాగ్రత్త పడాలి. ఫెడోరా డిస్క్ బూట్ చేస్తే మెనూలో ముందుగా ఎంపికై ఉండేది డిస్క్‌ను పరీక్షించి మొదలుపెట్టే వరసే. పరీక్ష వద్దనుకున్నవాళ్లు కావాలని మార్చుకోవాలి. ఉబుంటులో ఈ పరీక్ష ఏళ్ల తరబడి మెనూలో ఒక మూల ఉండేది. 2020లో 20.04 నుంచి బూట్ అవగానే దానంతట అదే మొదలవుతుంది. బూట్ ఆలస్యమవుతోందని కొందరు విసుక్కున్నారు. వాళ్ల విసుగు కంటే పార్టిషన్లు చెరిపేసుకుని నిలబడిపోయిన మనిషి కష్టం పెద్దది, కనుక ఉబుంటు చేసిందే సరైన పని. అన్ని లినక్స్ పంపిణీలూ (డిస్ట్రోలు) ఈ బాట పట్టాలి. డౌన్‌లోడ్ పేజీలో పెద్ద బటన్ పక్కన సరిచూసే పద్ధతిని చిన్న అక్షరాల్లో, మూడు పేజీల అవతల దాచడం మానాలి.

తెలుగు నేల మీద చేయాల్సిన పని కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తేవడానికి ఏళ్లుగా కృషి చేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థులు ఇన్‌స్టాల్ ఫెస్టులు పెట్టి ఒక్క రోజులో పదుల కొద్దీ ల్యాప్‌టాపుల్లో లినక్స్ వేస్తుంటారు. ఆ ఉత్సాహం విలువైనది. అక్కడే ఒక బల్ల అదనంగా వేయాలి. ఆ బల్ల మీద పంచబోయే ప్రతి డిస్క్‌నూ, ప్రతి పెన్‌డ్రైవ్‌నూ ఒకరు సరిచూడాలి. సంతకం చూసిన ఐఎస్ఓ ఒక్కటే అందరికీ మూలంగా ఉండాలి. రాసిన ప్రతిదాన్నీ తిరిగి చదివించాలి. పైన పంపిణీ పేరుతో పాటు వెర్షన్, 32 బిట్టో 64 బిట్టో, రాసిన తేదీ, పరీక్షించినవారి పొడి అక్షరాలు, షా-256 వరసలో మొదటి ఎనిమిది అక్షరాలు రాయాలి. సరిచూసే విధానం తెలుగులో అచ్చేసిన చీటీ ఒకటి లోపల పెట్టాలి. ఇంటికి వెళ్లాక ఆ విద్యార్థి తన తమ్ముడికో, పక్కింటివాళ్లకో రాసిచ్చేటప్పుడు అదే చీటీ పనికొస్తుంది. ఇన్‌స్టాల్ చేయబోయే ముందు మెమ్‌టెస్ట్‌తో ర్యామ్‌ను కూడా ఓసారి పరీక్షించడం మేలు. డిస్క్ బాగుండి, ర్యామ్‌లో లోపం ఉన్నా ఎర్రర్లు అచ్చం చెడ్డ డిస్క్ లాగానే వస్తాయి.

బడులకూ గ్రంథాలయాలకూ ఉచిత సాఫ్ట్‌వేర్ అందించే ప్రభుత్వ శాఖలకు కూడా ఇదే షరతు పెట్టాలి. టెండరులో డిస్కులు లేదా పెన్‌డ్రైవుల సంఖ్య, ధర రాసి ఊరుకోకుండా, ఒక్కోదాన్ని తిరిగి చదివి సరిచూసిన నివేదిక ఇవ్వాలని, సంతకం చేసిన చెక్‌సమ్ జాబితాను బహిరంగంగా పెట్టాలని ఒక క్లాజు చేర్చవచ్చు. పూర్తి డీవీడీ రాయడానికి పావుగంట పడితే, చదివి సరిచూడటానికి అంతకంటే తక్కువే పడుతుంది. మారుమూల మండలంలో ఒక్కరే కంప్యూటరు టీచరున్న బడికి పాడైన డిస్క్ చేరితే, దాన్ని మార్చి పంపడానికి వారాలు పడతాయి. ఈలోగా ఆ ల్యాబులో పాత ఓఎస్ చెరిపేసిన కంప్యూటర్ల ముందు పిల్లలు ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.